సర్వేయరుగారి పిడి

కత్తులు చేసే ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను ఆరో తరగతి జవాబుపత్రాలు దిద్దుతున్నాను.

"సర్వేయరుగారి ఇల్లేనాండీ? వారి వంతు వచ్చింది. చెక్క తీసుకుని రమ్మని చెప్పండి" అంది.

ఆయన లేరని చెప్పాలి. అప్పటికే ఆ సంగతి చాలామందికి రకరకాలుగా చెప్పి ఉన్నాను. ఎంత తక్కువ మాటల్లో చెబితే అవతలివారికి అంత తేలికగా ఉంటుందని తెలుసుకున్నాను.

"ఆయన పోయారండి. ఎండాకాలంలో" అన్నాను.

అవతల ఏదో యంత్రం ఆగిన చప్పుడు వినిపించింది. అంతవరకూ అది తిరుగుతోందని నేను గమనించలేదు.

"అయ్యో" అందావిడ. ఇంకేమీ అనలేదు. అందుకు ఆవిడ మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

"చెక్క మా దగ్గరే ఉంది. కత్తి చేస్తారా?" అని అడిగాను. అడుగుతానని నేనూ అనుకోలేదు.

"ఎవరి కోసమండీ?"

"ఆయన కోసమే. ఆయన చేతికి సరిపోయేటట్టు."

"తీసుకురండి, చూద్దాం" అంది.

ఆవిడ పద్ధతి మా ఆయన నాకు ఒకసారి చెప్పారు. కత్తి చేయించుకోవాలని వెళ్ళినవాళ్ళ చేతిని ఆవిడ టేపు పెట్టి కొలవదు. పిడి ఆకారంలో ఉన్న ఒక మెత్తని చెక్కముక్క, రుద్దడానికి కాస్త ఉప్పుకాగితం చేతిలో పెట్టి పంపేస్తుంది. దాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, పట్టుకుంటూ ఉండాలి. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ రుద్దుకోవాలి. చేతిలో ఉన్నట్టే తెలియనంతగా కుదిరిన రోజున ఆ చెక్కను దాచిపెట్టి, మన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ చెక్కను చూసి ఆవిడ అసలు పిడి చేస్తుంది.

మా ఆయన ఆ చెక్కను కొన్ని నెలలపాటు రుద్దారు. టీవీ చూస్తూ రుద్దేవారు, ఫోన్ మాట్లాడుతూ రుద్దేవారు. ఒకసారి బస్సులో పక్కనున్నాయన అదేమిటని అడిగితే, "కత్తండీ. ఇంకా పుట్టలేదు" అన్నారట. ఆ పెద్దమనిషి తర్వాతి స్టాపులో దిగి వేరే బస్సు ఎక్కాడని చెప్పి తెగ నవ్వారు.

భూములు కొలిచే ఉద్యోగం ఆయనది. పనిమీద కొండలు, అడవులు తిరిగేవారు. సెలవు దొరికితే పని లేకపోయినా తిరిగేవారు. కత్తులంటే ఇష్టం. ఆయన సొరుగులో మడత కత్తులు, పొట్టి కత్తులు, వంపు తిరిగినవి, పిడికి తోలు చుట్టినవి చాలా ఉండేవి. కొన్నింటి కోసం ఊళ్ళు దాటి వెళ్ళారు. కానీ అద్దాల పెట్టెలో పెట్టి చూసుకునే రకం కాదు. ప్రతిదానికీ ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని లేని కత్తిని ఎవరికైనా ఇచ్చేసేవారు. నా ఎర్ర పెన్సిళ్ళు ఎప్పుడూ మొన తేలి ఉండడానికి అదే కారణం. కొత్తగా వచ్చిన కత్తికి మొదటి పని నా పెన్సిళ్ళ మీదే.

ఆవిడతో చెక్క మా దగ్గరే ఉందని ధైర్యంగా అన్నాను గానీ, సొరుగు తీస్తే లేదు. ఆయన సంచీలో లేదు, కోటు జేబుల్లో లేదు, బల్ల వెనక పడలేదు. ఇల్లంతా వెతికి చివరికి వంటింట్లోకి వెళ్ళాను. ఆయన పోయిన తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళడం తగ్గిపోయింది. అది మా వదిన రాజ్యం.

వదిన అంటే ఆయన అక్క. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఆయన పోయిన వారంలో వచ్చి, వెళ్తానని ఒక్కసారి కూడా అనకుండా ఉండిపోయింది. నేనూ అడగలేదు.

"వదినా, ఒక చెక్కముక్క ఏమైనా చూశారా? ఇంత ఉంటుంది. నున్నగా ఉంటుంది."

"మధ్యలో సన్నగా, చివర మొండిగా?"

"అదే."

"వెల్లుల్లి దంచేదా! అలా చెప్పొచ్చుగా!" అంటూ వదిన చెంచాల డబ్బాలోంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది.

ఒక చివర పచ్చగా నానిపోయి, చిన్న చిన్న సొట్టలు పడి ఉంది. వాసన ఘాటుగా ఉంది. నేను దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కోపం వస్తే నేను మాట్లాడను. క్లాసులో ఆ అలవాటు బాగా పనికొస్తుంది. ఇంట్లో అంతగా పనికిరాదు.

"ఏమైందమ్మాయ్? అది వెల్లుల్లి దంచేది కాదా?"

"కాదు వదినా."

సంగతంతా చెప్పాను. వదిన స్టవ్ ఆపి స్టూలు మీద కూర్చుంది.

"మరి చెప్పొద్దూ ఎవరో ఒకరు! చెంచాల పక్కన ఉంటే వంట సామాననుకున్నాను."

"చెంచాల పక్కన ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు, వాడే. తిన్నచోటే అన్నీ వదిలేసి పోవడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉంది. జామెట్రీ బాక్సు ఉప్పుడబ్బా మీద ఉండేది."

అది నిజం.

"ఆ కత్తులావిడ దగ్గరికి నేనూ వస్తాను. పాడుచేసింది నేను. తిట్లు నువ్వు తినడమెందుకు?" అంది వదిన.

కత్తుల ఆవిడను వాళ్ళ వీధిలో అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తులు, కత్తెరలు బాగుచేసే పని చాలాకాలం చేసి మానేసిందట. టైర్ల దుకాణం పక్క సందులోంచి లోపలికి వెళ్తే ఆవిడ పనిగది. రైలుపెట్టెలాగా పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది. ఒక చివర గ్యాసు కొలిమి, రెండో చివర కిటికీ, మధ్యలో బల్ల. గోడకు బిగించిన అయస్కాంతపు పట్టీకి పిడి లేని కత్తి అలుగులు వరసగా అతుక్కుని ఉన్నాయి. ప్రతిచోటా సన్నని ఉక్కుపొడి. ఆవిడ వయసు నా వయసే ఉండొచ్చు. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు, తోలు ఏప్రాను, తలకు కట్టిన గుడ్డ.

చెక్కను అందుకోగానే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేంటండీ, వెల్లుల్లి!"

"నేరం నాది" అని వదిన ముందుకు వచ్చింది. "మీరేం అనదలుచుకున్నారో నన్నే అనండి. కండక్టరుగా చేశాను, తిట్లు నాకు కొత్తకాదు."

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "ఒకాయన తన చెక్కను కుక్కకిచ్చాడండీ నమలమని. దాంతో పోలిస్తే వెల్లుల్లి ఎంత! దంచిన వైపు ఎలాగూ కోసేస్తాను. పట్టుకునే వైపు బాగానే ఉంది."

తర్వాత చెక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, పెన్సిలుతో దాని నడినెత్తి మీద పొడుగునా ఒక గీత గీయబోయింది.

"అదెందుకండీ?" అని అడిగాను.

"ఇక్కడ కోస్తాను. నిలువునా రెండు బద్దలు చేసి, రెండు బద్దల్నీ చదునుగా పలకకి అంటించి, ఆ అంచు చూసుకుంటూ అసలు చెక్కను తీస్తాను. సర్వేయరుగారు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పి ఉన్నా నాకప్పుడు దానితో పని లేదు.

"కోసి, మళ్ళీ అతికించవచ్చా?"

"అతుకుతుంది. కానీ రంపం తిన్నంత మేర పోతుందండీ. సన్నబడుతుంది. మళ్ళీ పట్టుకుంటే ఆ పట్టు ఉండదు."

ఆయన చేతి ఒంపు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. చెప్పుల్లో పాదాల గుర్తులున్నాయి, కళ్ళజోడు ఉంది. చెయ్యి మాత్రం ఇందులోనే ఉంది. కోయించుకుంటే కత్తి వస్తుంది, ఇది పోతుంది. కోయించకపోతే ఇది ఉంటుంది, ఆయన అంతకాలం ఎదురుచూసిన కత్తి రాదు.

"కోయొద్దండి" అన్నాను.

"పోనీ, అందరికీ చేసే పిడి చేసిస్తాను. ఎవరు పట్టుకున్నా పర్లేదనిపిస్తుంది."

"అలాంటివి బజార్లో ఉంటాయి కదండీ."

"ఉంటాయి" అని ఆవిడ ఒప్పుకుంది. చెక్కను బల్ల మీద పెట్టి నావైపు జరిపింది. నేను సంచీ తెరుస్తుంటే వదిన దాన్ని తీసుకుంది. ఊరుకుంటే ఆమె వదినే కాదు.

"ఇంత పనితనం ఉందంటారు, కోయకుండా కొలిచే దారి లేదా డాక్టరుగారూ? మా వాడు కొండలు కొలిచాడు. ఒక్క కొండనైనా కోశాడా?" అంటూ ఆ చెక్కను డాక్టరమ్మ ముక్కుకు గురిపెట్టింది.

డాక్టరమ్మ ఆ చెక్కకేసి చూసి, "ఆగండి. కదలకండి. అలాగే పట్టుకోండి" అంది.

"ఏంటి, ఫొటో తీస్తారా?"

"మీ బొటనవేలు వంగదా?"

"వంగదు. మా వాళ్ళెవరికీ వంగదు. మా నాన్నకి వంగదు, మా తమ్ముడికీ వంగేది కాదు. టిక్కెట్లు చింపడానికి మహా బాగుండేది."

డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. చెక్క పైభాగాన ఆయన లోతుగా, పొడుగ్గా, తిన్నగా రుద్దుకున్న పల్లం ఒకటుంది. వంగే వేలికి అక్కడ అంత చోటు అక్కర్లేదు. వదిన బొటనవేలు అందులో ఏ ఆలోచనా లేకుండా పడుకుని ఉంది.

ఆయన వేలు అలా ఉంటుందని నాకు తెలుసు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పడే అవస్థ రోజూ చూసేదాన్ని. వదిన వేలిని మాత్రం చూడలేదు. ఇన్ని నెలలుగా అదే చేత్తో నాకు కంచం అందిస్తున్నా.

"అందుకేనేమో చేతికి అంత హాయిగా ఉండేది" అంది వదిన నెమ్మదిగా. "ఇంత మంచి దంపుడుకర్ర ఎక్కడ కొన్నాడో అడుగుదామనుకున్నాను..."

డాక్టరమ్మ అప్పటికే పనిలోకి దిగిపోయింది. "చెక్కను బయటినుంచి కొలుచుకుంటాను. లోపలి ఒంపులు కొలతకి అందవు. వాటికి ఈవిడ చెయ్యి ఉంది. పిడి కడతాను, ఈవిడతో పట్టిస్తాను, రుద్దుతాను, మళ్ళీ పట్టిస్తాను. ఆలస్యమవుతుంది, కానీ కోయక్కర్లేదు. ఏమంటారు టీచరుగారూ?"

"నన్నడగరేం? చెయ్యి నాది" అంది వదిన.

"మీరేమంటారక్కా?"

"టీ ఇస్తారా?"

"ఇస్తాను."

"అయితే సరే."

అలా మా శనివారాలు ఆ గదిలో గడిచాయి. బడి ఒంటిపూట కాగానే నేను వచ్చేసరికి వదిన తలుపు దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉండేది. డాక్టరమ్మ ముందు అలుగు చేసింది. జానెడు కన్నా తక్కువ. వెన్ను మందంగా, పొట్ట కొంచెం ఒంపుగా ఉంది. కర్ర చెక్కడానికి, తాడు కోయడానికి, ఏది పడితే దానికి అక్కరకొచ్చే కత్తి. ఆయన కోరింది అదేనట. పిడికి చేవదేరిన ముదురు చెక్క ఏరింది. రెండు పలకలూ బిగించాక దానికి మసి పూసి వదినకు ఇచ్చేది. వదిన గట్టిగా పట్టుకుని వదిలితే, చెయ్యి ఆనిన చోట మసి లేచిపోయేది. ఎక్కువ లేచిన చోట ఆకురాయితో ఒక పొర తీసేది. మళ్ళీ మసి.

"నల్లచేతులతో బస్సెక్కితే కండక్టరు ఏమంటాడో" అనేది వదిన.

"కండక్టర్లు మీకు కొత్తా?"

"కొత్తవాళ్ళు కొత్తే. పాతవాళ్ళకి మర్యాద ఇవ్వరు."

కత్తులు పోగుచేసేవాళ్ళను వదిన అంతకుముందు ఎగతాళి చేసేది. తమ్ముడి సొరుగును కసాయి దుకాణం అనేది. ఇప్పుడు మసి ఆరేలోపల డాక్టరమ్మ పారేసిన చెక్కపేళ్ళు తీసుకుని, ఏదో ఒక పాత కత్తితో చివర చెక్కుతూ కూర్చునేది. పదును ఎలా పెట్టాలని అడిగింది. తడి చెయ్యి జారితే ఎలా అని అడిగింది. నేను కిటికీ దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుకునేదాన్ని. వాళ్ళిద్దరి మాటలు, ఆకురాయి చప్పుడు వింటూ ఉంటే తప్పులు కూడా తక్కువగా కనపడేవి.

ఒక శనివారం డాక్టరమ్మ మసి పూయలేదు. కత్తిని బల్ల మీద పెట్టి, పక్కన చెక్కను పెట్టింది.

"అయిపోయిందా?" అన్నాను.

"అయింది, కాలేదు. చూడండి. ఒంపు, పల్లం, లావు అన్నీ చెక్కలో ఉన్నట్టే వచ్చాయి. ఇది అచ్చంగా సర్వేయరుగారి పిడి. అక్కా, ఒకసారి పట్టుకోండి."

వదిన పట్టుకుంది. బొటనవేలు కుదిరింది. మిగతా వేళ్ళు చుట్టూ తిరిగి అరచేతిని అందుకోలేదు. మధ్యలో సందు మిగిలింది.

"ఈవిడ అరచెయ్యి చిన్నది" అంది డాక్టరమ్మ. "దంచడానికి పర్లేదు, కత్తికి కుదరదు. బలంగా నొక్కితే చేతిలో తిరుగుతుంది, వేళ్ళు పోతాయి. ఇలాగే ఉంచితే ఎవరూ వాడలేరు. మీరు దాచుకోవచ్చు. ఈవిడకి సరిపడా తగ్గిస్తే ఈవిడ వాడుకోవచ్చు, కానీ అప్పుడిది ఆయనది కాదు. మీరు చెప్పండి టీచరుగారూ. ఒకసారి రుద్దాక వెనక్కి రాదు."

"నా గోలెందుకు మధ్యలో?" అంది వదిన. "నేను కొలతకి కూర్చున్న బొమ్మని. అలాగే ఉంచెయ్యండి. వాడి కోసం చేయించింది కదా, వాడి లాగే ఉండనీ."

అలా అంటూనే ఉంది గానీ కత్తిని కింద పెట్టలేదు. బొటనవేలును పల్లంలో ముందుకూ వెనక్కీ కదుపుతోంది.

"ఒకసారి ఇటివ్వండి" అన్నాను.

నా చేతికి అది ఏ విధంగానూ సరిపోలేదు. నా వేలు పల్లంలో మెలితిరిగి పక్కకు పోయింది. కానీ ఆ లావు నాకు తెలుసు. రోడ్డు దాటేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, ఆసుపత్రి మంచం పక్కన నా వేళ్ళు పట్టుకున్న చేతి నిండుదనం అది. డాక్టరమ్మ ఏదో పనున్నట్టు కొలిమివైపు వెళ్ళింది. ఎవరూ తొందరపెట్టలేదు. నేను చాలాసేపే పట్టుకుని ఉన్నాననుకుంటాను. కిటికీలోంచి వచ్చే ఎండ బల్ల చివరికి జరిగింది.

ఇంటికి తీసుకెళ్తే దీన్ని ఎక్కడ పెడతానో ఆలోచించాను. సొరుగులో పెడతాను. అప్పుడప్పుడు తీసి పట్టుకుంటాను. ఆ సొరుగులో ఏ పనీ లేని కత్తి ఇదొక్కటే అవుతుంది. నేను పట్టుకున్నప్పుడల్లా, అది నాకు సరిపోలేదన్న ఒక్క సంగతే చెబుతుంది. ఇక్కడ స్టూలు మీద కూర్చున్న మనిషికి తమ్ముడు పోయాడు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ ఆమెతో ప్రస్తావించలేదు, నాతో సహా. అందరూ నన్నే పలకరించారు.

"తగ్గించండి" అన్నాను.

"నీకేమైనా మతిపోయిందా?" వదిన స్టూలు మీంచి లేచింది.

"తొందరేం లేదండీ, వచ్చే వారం చెప్పినా..." అని డాక్టరమ్మ అంటోంది.

"వచ్చే వారమూ ఇదే చెబుతాను. వదినా, కూర్చోండి. మీ చెయ్యి కావాలి."

వదిన కూర్చుంది. డాక్టరమ్మ కత్తిని బల్లకున్న ఇనుప వైసులో బిగించి ఆకురాయి అందుకుంది. ముదురు చెక్క పొడి సన్నగా, మిరియాల రంగులో ఏప్రాను మీద రాలింది. నేను చూపు తిప్పుకోలేదు. రెండు వైపులా ఒక పొర పోగానే పిడి ముఖం మారిపోయింది. కాసేపటికి నేను చూస్తున్నది ఆయన పిడి కాదు. అంత బాధగా అనిపించలేదు. బాధగా లేకపోవడం ఆశ్చర్యంగా మాత్రం ఉంది.

"ఈ పొడి ఏమైనా తీసిపెట్టనా? కొందరు అడుగుతారు" అంది డాక్టరమ్మ.

"వద్దండి. ఊడ్చెయ్యండి."

మసి పూయడం, పట్టించడం, మళ్ళీ రుద్దడం. ఆఖరుసారి వదిన పట్టుకున్నప్పుడు వేళ్ళు పూర్తిగా చుట్టుకుని అరచేతిని అందుకున్నాయి. ఆమె మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆఁ. ఇప్పుడు కూర్చుంది" అంది. ఆ వెంటనే, "చేతులు కడుక్కునే చోటెక్కడ?" అని అడిగింది. ఇన్ని శనివారాలుగా తను చేతులు కడుక్కుంటున్న చోటు తలుపు పక్కనే ఉంది. నేను లేచి వెళ్ళి కుళాయి తిప్పాను. నీళ్ళు చాలాసేపు పోయాయి. వదిన మొహం కూడా కడుక్కుంది.

నూనె పట్టించి, ఒర కుట్టి ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ వదినకు ఒక షరతు పెట్టింది. "వానాకాలం వెళ్ళాక పదునుకి తీసుకురావాలి. వాడకుండా దాచి, పదును నేను పెట్టినట్టే తెచ్చారో, మీ పని చెబుతాను."

"అంటే అడవులట్టుకు తిరగాలా?"

"మీ ఇష్టం. కత్తి మీది."

"చూశావా అమ్మాయ్, కత్తి ఇచ్చి కాళ్ళు అడుగుతోంది!"

మేమిద్దరం మొదటిసారి వెళ్ళింది ఊరి బయట ఉన్న కొండ దగ్గరికి. బస్సు దిగితే కాలిబాట, కాస్త పైకెక్కితే సన్నని వాగు, పెద్ద పెద్ద బండలు. వదిన తన ఖాకీ కోటు లోపల నడుముకు బెల్టు కట్టి, దానికి ఒర తగిలించుకుంది. దారి పొడుగునా ఎదురొచ్చినవాళ్ళకు అది కనపడేటట్టు కోటు పక్కకు తీసి మరీ నడిచింది. గుడారపు గుడ్డ కట్టడానికి తాడు కోయమంటే, కొలవకుండా కోసి పొట్టిది చేసింది. "సర్వేయరుగారి అక్కయి ఉండి ఇదేంటి!" అన్నాను. "కొలిచేవాడు వాడు. నేను చింపేదాన్ని" అంది.

రాళ్ళ మధ్య పొయ్యి పెట్టాం. ఎండు కొమ్మ ఒకటి తెచ్చి వదిన చెక్కడం మొదలుపెట్టింది. మొదట తీసిన పేళ్ళు మందంగా వచ్చి అంటుకోలేదు. అగ్గిపుల్లలు వృథా అవుతున్నాయని నేను అంటే, వెనక్కి జరగమని కండక్టరు గొంతుతో అరిచింది. కూర్చున్న తీరు మార్చుకుని, కొమ్మను బండకు ఆనించి, బొటనవేలును తిన్నగా చాచి, మెల్లిగా కిందికి లాగింది. పలచని పేడు ఒకటి ఉంగరంలా చుట్టుకుంటూ లేచింది. ఇంకొకటి. అవి పొయ్యిలో వేసి పుల్ల గీస్తే మంట చటుక్కున అందుకుంది.

"ఊదు, ఊదు!" అంది.

ఊదాను. పొగ కళ్ళల్లోకి వచ్చింది. పెద్ద పుల్లలు కూడా అంటుకున్నాయి. నాకు బాగా ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది.

"ఇక చాలు వదినా. మంట వచ్చేసింది."

"చాలేంటి? ఇప్పుడేగా చెయ్యి కుదిరింది" అంటూ ఆమె ఇంకో కొమ్మ అందుకుంది. పేళ్ళు ఆమె ఒళ్ళో రాలుతూనే ఉన్నాయి. నేను వాగు దగ్గరికి వెళ్ళి గిన్నె నింపుకొచ్చి పొయ్యి మీద పెట్టాను.